చిన్నల్లుడికి ఇచ్చిన ధర

పంట్లాలు కుట్టడంలో ఆయనకు వంక పెట్టేవాళ్ళు లేరు. కానీ ఆ వీధిలో ఆయన పేరు మోగింది పంట్లాల వల్ల కాదు, బేరాల వల్ల. భార్య చెల్లెలు పెళ్ళికాక ముందు ఎప్పుడో నవ్వులాటకి "బేరాల బావ" అంది. ఆ పేరు ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి బజారులోకి పాకింది. ఇప్పుడు కొలతలివ్వడానికి వచ్చే కొత్తవాళ్ళు కూడా "బేరాల బావ షాపు ఇదేనాండీ?" అని అడిగి మరీ లోపలికొస్తారు. ఆయన కోపగించుకోడు సరికదా, మెడలో వేలాడే టేపును రెండు చేతులా సర్దుకుని, సభలో బిరుదు అందుకున్నవాడిలా "ఇదే, రండి రండి" అంటాడు.

దేవుడు ఒక్కో మనిషికి ఒక్కో విద్య ఇచ్చి పంపుతాడు. ఈయన చేతికి ఒకటి, నోటికి ఒకటి ఇచ్చాడు. షాపులో అడుగు పెట్టాక, కొనదలచుకున్న వస్తువు వంక ఆయన కన్నెత్తి చూడడు. పక్కనున్నవన్నీ తిరగేస్తాడు. స్టూలు లాక్కుని కూర్చుంటాడు. మంచినీళ్ళడిగి తాగుతాడు. షావుకారు పిల్లల చదువులు, ఇంటావిడ నడుంనొప్పి, పైకప్పు కారడం, అన్నీ కనుక్కుంటాడు. ఇక లేచి, "వస్తానండీ" అని గుమ్మం దాకా వెళ్ళి, అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, "అవునూ, ఆ మూల పడేశారే, అదెంతేమిటి? ఊరికే అడుగుతున్నాలెండి" అంటాడు. ధర చెప్పగానే ఒక నవ్వు నవ్వి అందులో సగం అంటాడు. ఇవ్వనంటే మెట్లు దిగుతాడు. ఆఖరి మెట్టు మీద ఉండగా వెనకనుంచి పిలుపు రావలసిందే.

"నన్ను వెనక్కి పిలవని షావుకారు ఇంకా పుట్టలేదే" అనేవాడు భార్యతో, ఇంటికొచ్చి సంచి దించుతూ. ఆవిడ సంచిలో ఏముందో చూసేలోగా అదెంతకి లాగుకొచ్చాడో చెప్పేసేవాడు.

ఈ విద్యను అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది అత్తగారు. ఆవిడకు ఇద్దరే కూతుళ్ళు. ఉండేది చిన్నకూతురి ఇంట్లో. ఆ చిన్నల్లుడు కిటికీ పరదాలు, తలుపు పరదాలు కుట్టే మనిషి. నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదంటే, ఆయన మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళు ముందుకి వంగాలి. అత్తగారికి వేళకి మందులివ్వడం, నీళ్ళు కాచిపెట్టడం, చీకటి పడితే గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకోవడం, అన్నీ ఆయనే చేసేవాడు. పెద్దల్లుడైన బేరాల బావకి అదంతా చూస్తే మనసులో ఒక మూల గుచ్చుకునేది. కానీ దానికి మందు ఆయన దగ్గరే ఉంది. అత్తగారు తిండి అక్కడ తిన్నా, బజారుకి మాత్రం ఇక్కడికే వచ్చేది. "పెద్దల్లుడు లేకుండా నేను చీపురు కూడా కొనను" అని నలుగురిలో చెప్పేది. ఆ ఒక్క మాటతో లెక్క సరిపోయేది. వాడి దగ్గర ఇల్లు, నా దగ్గర బజారు అనుకుని ఆయన తృప్తిపడేవాడు.

తొక్కుడు మిషను మీద ఏళ్ళ తరబడి పనిచేసి చేసి ఆయన మోకాళ్ళు మొరాయించాయి. భార్య వేడి గుడ్డ కాపడం పెడుతూ, "ఇంక ఆ మోటారు మిషను కొనుక్కోండి, మోకాళ్ళు ఉంటేనే కదా మనిషి నిలబడేది" అంది. మాట నిజమే. బజారు చివర కుట్టుమిషన్ల షాపులో అలాంటిది ఒకటి ఉంది. వెడల్పాటి బల్ల, తెల్లటి తల, చప్పుడు చెయ్యని మోటారు. మోకాలితో పక్కకి కాస్త నెడితే చాలు, గుడ్డను నొక్కిపట్టే పాదం తనంతట తనే లేస్తుంది. ఆయన దాని మీద తన విద్య మొత్తం ప్రయోగించాడు. ఆ షాపుకి ఎన్నిసార్లు వెళ్ళాడో, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగాడో. షావుకారు ఇరవై నాలుగు వేలు అన్నాడు. ఈయన పన్నెండు అన్నాడు. మెట్లు దిగాడు, పిలిస్తే ఎక్కాడు, మళ్ళీ దిగాడు. చివరికి పంతొమ్మిదికి తెగింది. పైగా ఒక నూనె డబ్బా, ఒక సూదుల పాకెట్టు కూడా ఊరికే రాబట్టాడు.

మిషను షాపుకి వచ్చిన రోజున ఆయన మొహం చూడాలి. వచ్చినవాడికల్లా "ఇరవై నాలుగు చెప్పాడు, పంతొమ్మిదికి లాగాను" అని చెప్పాకే కొలత తీసుకున్నాడు. ఎదుటి కొట్టు టీ అమ్మే ఆవిడ ఆ సంతోషం చూసి, అడక్కుండానే ఒక గ్లాసు టీ పంపింది. మిషను నిజంగానే చప్పుడు లేకుండా నడిచింది. మోకాళ్ళు తేలికపడ్డాయి. ఆ కొన్నాళ్ళు ఆయన చాలా మంచివాడుగా ఉన్నాడు.

తర్వాత ఒక సెలవు రోజు చిన్నకూతురి ఇంట్లో అందరూ భోజనాలకి కూర్చున్నారు. వెనక గదిలో, పరదాల గుడ్డల మధ్య, తెల్లటి తల మెరుస్తూ కనబడింది. అదే మిషను. ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగింది.

"ఏమోయ్, నువ్వూ కొన్నావా?" అన్నాడు.

"కొన్నానన్నయ్యా. మీ షాపులో చూశాక మనసు పారేసుకున్నాను" అన్నాడు చిన్నల్లుడు, కంచంలోకి చూస్తూ.

"అక్కడే కొన్నావా? ఎంతన్నాడు?"

చిన్నల్లుడు ఒక్క క్షణం ఆగి, "మీకిచ్చిన ధరకే" అన్నాడు.

ఆయన గుండె ఉప్పొంగింది. తను కష్టపడి తవ్విన కాలవలో తోడల్లుడు నీళ్ళు తోడుకున్నాడన్నమాట. "చూశావా, నేను లాగిపెట్టబట్టి నీకు దొరికింది. లేకపోతే ఇరవై నాలుగు పోసేవాడివి" అన్నాడు.

అప్పుడే వంటింట్లోంచి వచ్చిన మరదలికి ముందు జరిగింది తెలీదు. "ఇరవై నాలుగేమిటి బావా? మాకు పదహారున్నరే కదా అయింది" అంది.

చిన్నల్లుడు భార్య వంక ఒక చూపు చూశాడు. ఆ చూపు ఆవిడ అందుకునేలోగా అందుకోకూడనివాళ్ళు అందుకున్నారు. ఆ నిమిషాన అందరూ నోరు మూసుకుని ఉంటే ఆ మాట గాల్లో కలిసిపోయేదేమో. కానీ అత్తగారికి కొంతకాలంగా చెవుడు. పెద్దల్లుడితో బజారుకెళ్ళి చెవి మిషను కొనుక్కోవాలని కూడా అనుకుంటోంది. అందరి మొహాలూ మారాయని చూసి ఆవిడకు కుతూహలం పుట్టింది.

"ఎంతంది? ఎంతంది?" అంది.

"ఏం లేదమ్మా" అంది పెద్దకూతురు.

"ఏం లేకపోతే అల్లుడు అలా అయ్యాడేం? ఎంతే?"

"పదహారున్నర అమ్మా!" అని అరిచింది చిన్నకూతురు, వేరే దారి లేక.

"ఎవరికి? పెద్దల్లుడికా?"

"కాదు, మాకు!"

"మరి పెద్దల్లుడికి?"

చివరికి బేరాల బావే, తన నోటితోనే, ఇంటి పెంకులు లేచిపోయేలా, "పంతొమ్మిది అత్తయ్యా!" అని అరిచాడు. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూశారు.

అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకుని కాసేపు ఆలోచించింది. "మరైతే నా చెవి మిషను కొనడానికి చిన్నల్లుడు వస్తాడులే నాయనా. నీకెందుకు శ్రమ" అంది.

మాట మెత్తగానే అంది. ఆవిడ మనసులో కల్మషం ఏనాడూ లేదు. కానీ ఆయనకి మాత్రం ఉన్న ఒక్క బజారూ కాళ్ళ కిందనుంచి లాగేసినట్టయింది.

ఆ రోజునుంచి ఆయన బతుకు కుంపటయింది. మిషను పెడలు మీద కాలు పెడితే చాలు, పదహారున్నర గుర్తొచ్చేది. పాత తొక్కుడు మిషనైతే టకటకమని చప్పుడు చేసి మనసులో మాటల్ని ముంచేసేది. ఇదేమో అంత ధర పోసి కొన్న నిశ్శబ్దం. అందులో ప్రతి ఆలోచనా గట్టిగా వినబడేది. నడుస్తుంటే ఏ ఇంటి కిటికీ చూసినా పరదాలే. ఇది వాడు కుట్టిందేనా, అంచు వంకరపోయిందా అని తలెత్తి చూసేవాడు. వంకర కనబడితే కాస్త ఊరట. తిన్నగా ఉంటే ఇంకాస్త మంట. ఎక్కువగా తిన్నగానే ఉండేవి.

"కొనేశాం కదండీ. నడుస్తోంది కదా. ఇంక దాని ధర మర్చిపోండి" అనేది భార్య.

"మర్చిపోవడానికి అదేమన్నా పాత బాకీనా? నా పేరే అది! ఇంతకాలం నా వెనకాల నడిచినవాడు, నోరు తెరిచి రెండు మాటలు మాట్లాడలేనివాడు..."

"ఆయన మిమ్మల్ని ఒక్క మాటన్నాడా?"

"అనడు. అదే నా ఏడుపు. అంటే నేనూ అందును."

ఆ మంటలోనే ఒక పొరపాటు చేశాడు. ఆసుపత్రి గేటు దగ్గర కాపలా ఉండే మనిషి ఒక గుడ్డ తెచ్చాడు. తానులో చివర మిగిలిన ఇరుకు ముక్క. మామూలుగా గుడ్డను మడతేసి రెండు కాళ్ళ ముక్కలూ ఒకేసారి కత్తిరిస్తారు. ఇరుకు ముక్కైతే విప్పి పరిచి, కాగితం నమూనా పెట్టి ఒకటి గీసి, ఆ కాగితాన్ని తిరగేసి రెండోది గియ్యాలి. అది పనిలో చేరిన మొదట్లోనే నేర్చుకునే పాఠం. ఆయన సుద్దముక్క పట్టుకుని పంతొమ్మిదిలోంచి పదహారున్నర తీసేస్తూ, ఆ మిగిలిన దానితో ఏమేం వచ్చేవో అనుకుంటూ, కాగితాన్ని తిరగెయ్యకుండానే రెండోది గీసి కత్తెర ఆడించేశాడు. ముందు ముక్కలు రెండూ ఎడమ కాలివే వచ్చాయి. గుడ్డకి లోపలా బయటా వేరు. తిప్పి వేసుకుందామన్నా కుదరదు.

కాపలా మనిషి వచ్చేసరికి ఆయన ఆ రెండు ముక్కలూ బల్ల మీద పెట్టుకుని తలొంచుకుని ఉన్నాడు. సంగతి విని ఆ మనిషి పెద్దగా నవ్వాడు.

"కుడికాలు ఇంట్లో పెట్టి రావాలన్నమాట. పోనీండి మాస్టారూ, అందులో మావాడికి నిక్కరు వస్తుందేమో చూడండి. మీ చెయ్యి తప్పిందంటే ఒంట్లో బాగోలేదేమో. ముందు ఇంటికెళ్ళి పడుకోండి."

తిడితే బాగుండేది. గుడ్డకి గుడ్డ కొనిచ్చి, కూలి లేకుండా కుట్టి ఇస్తానని చెప్పి పంపాడు. పంపి, షాపు తలుపులు దగ్గరికి లాగి, తిన్నగా మిషన్ల షాపుకి వెళ్ళాడు. ఈసారి పక్క వస్తువులు చూడలేదు. నీళ్ళడగలేదు.

"ఏమండీ, మా తోడల్లుడికి పదహారున్నరకి ఇచ్చారటగా?"

షావుకారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్తే కోపం తెచ్చుకోకూడదు బావగారూ."

"కోపం ముందే వచ్చేసింది. చెప్పండి."

"దాని ధరే పదహారున్నరండీ. ఎవరికైనా అంతే."

"మరి నాకు ఇరవై నాలుగు అన్నారు!"

"మీకు ఇరవై నాలుగు అంటే పన్నెండు అన్నారు. ఉన్నమాట చెప్తే ఎనిమిది అంటారు. ఎనిమిది దగ్గర మొదలెడితే నేనెక్కడ తేలాలి? మీరు మా మెట్లెక్కుతున్నారంటే చాలండీ, నా ధర మీకంటే ముందు పరిగెత్తి పైకెక్కి కూర్చుంటుంది."

"మరి పదహారున్నర దాకా దిగకుండా పంతొమ్మిది దగ్గర ఎందుకాగారు?"

"నేనెక్కడాగాను? ఇంకా లాగుతారనే చూస్తున్నాను. మీరే 'సరే, ఖాయం' అన్నారు. నాకే మనసొప్పక నూనె డబ్బా ఇచ్చాను."

ఆయన బయటి మెట్ల వంక చూశాడు. "ప్రతిసారీ వెనక్కి కూడా పిలిచేవారు కదా..."

"పిలవకపోతే మీరు ఆఖరి మెట్టు మీదే నిలబడిపోతారు. వేరే గిరాకీ ఎక్కడానికి దారుండదు" అన్నాడు షావుకారు, జాలిగా. తర్వాత గొంతు తగ్గించి, "మీ తోడల్లుడు వచ్చి ఎంతండీ అన్నారు. చెప్పాను. సరేనండీ అన్నారు. అంతే. కానీ మీరు ఎంతకి కొన్నారో మాటల్లో నా నోటినుంచి జారింది. పాపం ఆయన మొహం వాడిపోయింది. 'ఎవరడిగినా అన్నయ్యకిచ్చిన ధరే నాకూ ఇచ్చానని చెప్పండి' అని చేతులు పట్టుకున్నారు. తక్కువకి కొని ఎక్కువని చెప్పమన్న మనిషిని నా షాపులో ఆయన్నే చూశాను" అన్నాడు.

మెట్లు దిగుతుంటే ఆయన్ని ఎవరూ వెనక్కి పిలవలేదు. పుండు మీద కారం అంటే ఇదే. ధరలో ఓడిపోవడం ఒక ఎత్తు. ఇప్పుడు మంచితనంలో కూడా వాడే ముందున్నాడు. పైగా తనకి తెలియకుండా తన పరువు కాపాడాడు. నా పరువు కాపాడటానికి వాడెవడు? నా మీద వాడికి జాలా? ఇలా అనుకుంటూ నడుస్తుంటే ఆయనకే తెలిసింది, మంచి చేసినవాడి మీద మనసు ఇంతగా మండటం మంచిది కాదని. "దేవుడా, ఈ కుళ్ళు తీసెయ్యి" అని దారిలోనే ఒక దణ్ణం పెట్టుకున్నాడు. పెట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో, మళ్ళీ ఒక కిటికీ పరదా కనబడింది.

ఇంటి మలుపులో కూరగాయల బండి ఆవిడ దగ్గర టమాటాలు తీసుకుని, ఆవిడ అడిగినంతా చేతిలో పెట్టి కదిలాడు. ఆవిడ హడలిపోయింది.

"బావగారూ, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా."

"మరి సగం అడగరేం?"

"అడగను."

"అయ్యో, అడగాలండీ! మీరు అడుగుతారనే కదా అంత చెప్పాను. ఇదిగో, ఇది ఉంచుకోండి" అని ఆవిడ సగం డబ్బు మళ్ళీ ఆయన జేబులో కుక్కింది. "ఇలా చేస్తే నాకు పాపం చుట్టుకుంటుంది. రేపు మామూలుగా రండి."

అయితే బజారంతా ఇంతేనన్నమాట. ఆయన టమాటాలు పట్టుకుని వీధి మధ్యలో చాలాసేపు నిలబడ్డాడు.

చెవి మిషను కొనే రోజు ఆయన ఉదయాన్నే షాపు తీసి, చేతినిండా పనున్నట్టు గుడ్డలన్నీ ముందు పోసుకుని కూర్చున్నాడు. ఎవరైనా పిలిస్తే రాలేను అని చెప్పడానికి. ఎవరూ పిలవరేమోనని కూడా భయం. కాసేపటికి చిన్నల్లుడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఏదో అన్నాడు.

"గట్టిగా చెప్పు."

"మీరు రాకపోతే నేనూ వెళ్ళనన్నయ్యా. ఆ షాపుల్లో నాకు నోరు పెగలదు."

"నోరు పెగలకేగా పదహారున్నరకి కొన్నావు!"

చిన్నల్లుడు చెప్పుల వంక చూసుకున్నాడు. "అదొక్కటే అన్నయ్యా. మిగతావన్నీ ఎక్కువకే కొన్నాను. మా ఇంట్లో ఫ్యాను తెలుసా? దాని ధర మా ఆవిడకి ఇప్పటికీ తెలీదు. ఇంటికొచ్చే దారిలో అదే ఫ్యాను పక్కషాపులో సగానికి కనబడింది. ఆ రోజంతా దాని గాలి నాకు తగలలేదు."

"సగానికా?"

"సగానికే. మంచం సంగతి ఇంకా ఘోరం."

"మంచం ఎంతకి కొన్నావేం?" అన్నాడు బేరాల బావ, కత్తెర కింద పెట్టి. చిన్నల్లుడు చెప్పాడు. ఈయన కళ్ళు పెద్దవయ్యాయి. ఎన్నాళ్ళ తర్వాతో గుండెలో చల్లటి నీళ్ళు పోసినట్టయింది. సాటి మనిషి నష్టం విని చల్లబడకూడదని ఆయనకు తెలుసు. తెలిసీ, "కుర్చీలు? కుర్చీలు ఎంతకి కొన్నావు?" అని అడక్కుండా ఉండలేకపోయాడు. కుర్చీల ధర కూడా విన్నాక లేచి చొక్కా సర్దుకున్నాడు. "పద. కానీ నేను నోరెత్తను. అత్తయ్య నిన్ను తీసుకెళ్ళమన్నారు. నువ్వే మాట్లాడు."

చెవి మిషన్ల షాపు చిన్నదే. గాజు బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద పెద్ద చెవి బొమ్మ. బల్ల వెనక అమ్మాయి చాలా ఓపిగ్గా అత్తగారి చెవులు చూసింది. చల్లటి చేతులని ముందే చెప్పి, చేతులు రుద్దుకుని మరీ ముట్టుకుంది. ఒక మిషను చెవిలో అమర్చి, వెనక్కెళ్ళి ఏదో సర్దుతూ, "ఇదైతే మీకు సరిపోతుందండీ. పద్నాలుగు వేలు" అంది.

"సరేనండీ" అన్నాడు చిన్నల్లుడు.

అంతే. కుర్చీలో కూర్చున్న పెద్దల్లుడి ఒళ్ళు జిల్లుమంది. అడగడా? ఒక్క మాట కూడా అడగడా? నాలుక దురద పెట్టింది. గోడ మీద చెవి బొమ్మ వంక చూశాడు. కాలు ఊపాడు. ఇక ఆగలేక, పక్కనే అత్తగారున్నా గోడ ఉన్నట్టే అనుకునే పాత అలవాటు కొద్దీ, నోట్లోనే గొణుక్కున్నాడు. "అడగడు. వాడడగడు. మంచివాడట, పెద్ద మంచివాడు. నేను అడిగితే పిసినారిని, వాడు అడక్కపోతే మహాత్ముడు. ఆ మంచితనానికి నా పరువు ఒకటి బలి..."

"ఎవర్ని నాయనా మంచివాడంటున్నావు?" అంది అత్తగారు.

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆవిడ తిన్నగా ఆయన వంకే చూస్తోంది. చెవి వెనక చిన్న దీపం పచ్చగా వెలుగుతోంది. చిన్నల్లుడు నేల చూశాడు. బల్ల వెనక అమ్మాయి అవసరం లేకపోయినా ఒక సొరుగు తెరిచింది.

"చిన్నల్లుణ్ణి అత్తయ్యా."

"పొగుడుతున్నావా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ గదిలో అన్నీ అంత స్పష్టంగా వినబడుతుంటే ఆడలేకపోయాడు. "లేదు. కుళ్ళు అత్తయ్యా. వాణ్ణి చూస్తే నాకు కుళ్ళు."

"ఎంతుందేమిటి?"

"ఏది?"

"కుళ్ళు."

"చాలా ఉంది."

"సగానికి తగ్గించుకో" అంది అత్తగారు, ఏమాత్రం తొణక్కుండా.

"సగమెక్కడ కుదురుతుంది అత్తయ్యా!" ఆయన గొంతు తెలీకుండానే లేచింది. "మీరుండేది వాళ్ళింట్లో. మీ మందులు వాడే ఇస్తాడు. మెట్టు దిగాలంటే వాడి చెయ్యే పట్టుకుంటారు. మిషనూ వాడికే తక్కువకొచ్చింది. పైగా నాకు తెలియకూడదని దాచాడు కూడా. నాకంటూ ఉన్నది మీతో బజారుకెళ్ళడం ఒక్కటే. అదీ వాడికిచ్చేశారు. ఇంక సగం తగ్గించమంటే ఎక్కణ్ణించి తగ్గించను?"

అత్తగారు తల పక్కకి వంచి, చెవిలో మిషను వేలితో సర్దుకుంది.

"బజారు నీ దగ్గర్నించి ఎవరు తీసుకున్నారయ్యా? ఆ రోజు నేనెంత గట్టిగా అన్నానో ఎంత మెల్లగా అన్నానో ఆ చెవుడుతో నాకే తెలీదు. చెవి మిషనంటే గరిటె కాదు కదా నాయనా, దొరక్కపోతే ఊరుకోవడానికి. నువ్వు పంతం పట్టి మెట్లు దిగిపోయావనుకో, వాళ్ళు పిలవలేదనుకో, నేను చెవుడుతోనే ఇంటికి రావాలి. అందుకని వాణ్ణి రమ్మన్నాను. నువ్వు దిగిపోతావని భయం. వాడు దిగడు."

ఇన్నాళ్ళూ ఆ ఆఖరి మెట్టు మీద తను నిలబడి గెలుపు కోసం చూస్తుంటే, వెనక షాపులో కూర్చున్న ఈ పెద్దావిడ గుండె ఎలా కొట్టుకునేదో ఆయన ఏనాడూ అనుకోలేదు.

"సరే, ఎంత తగ్గిస్తావు?" అంది ఆవిడ మళ్ళీ.

"పావు వంతు."

"ఉహూ."

"మూడో వంతు అత్తయ్యా. అంతకంటే నావల్ల కాదు. నిజంగా."

"ఇప్పటికి ఖాయం చేసుకో. మిగతాది తర్వాత చూద్దాం."

బల్ల వెనక అమ్మాయి ఇంక ఆపుకోలేక నవ్వేసింది. బేరాల బావ ఆ అమ్మాయి వైపు తిరిగాడు. నీళ్ళడగలేదు, మూల వస్తువులు చూడలేదు. "అమ్మా, ఇది ఎవరికైనా ఇదే ధరా?" అన్నాడు.

"ఎవరికైనా ఇదేనండీ."

ఆ మొహంలో పరిగెత్తి పైకెక్కిన ధర ఏదైనా ఉందేమోనని ఒక్క క్షణం వెతికాడు. కనబడలేదు. "ఇచ్చెయ్యి తమ్ముడూ" అన్నాడు. అంతకు ముందు ఎప్పుడూ తోడల్లుణ్ణి ఆ పిలుపు పిలవలేదు. అత్తగారు కొంగు ముడి విప్పి డబ్బు చిన్నల్లుడి చేతిలో పెడితే, ఆయన పెద్దల్లుడి చేతికిచ్చాడు. ఈయన బల్ల మీద పెట్టాడు.

బయటికొచ్చాక అత్తగారు ప్రతి అడుగుకీ ఆగింది. తన చెప్పుల చప్పుడు విని ఆశ్చర్యపోయింది. సైకిలు గంటకి నవ్వింది. ఎవరో పిల్లాడు ఏడుస్తుంటే, "ఎంత గట్టి గొంతు వీడిది, దేవుడు చల్లగా చూడాలి" అంది. ఆవిడ ఎడమ చెయ్యి మామూలుగానే చిన్నల్లుడి మోచేతి మీద ఉంది. అది చూసి పెద్దల్లుడిలో తగ్గించుకున్న మూడో వంతు కొంచెం కొంచెంగా వెనక్కి రాసాగింది. ఆయన చప్పున అటు తిరిగి బళ్ళొచ్చే వైపుకి వెళ్ళి, "ఈ చెయ్యి నాకివ్వండి అత్తయ్యా, ఇటు బళ్ళొస్తున్నాయి" అన్నాడు. ఆవిడ కుడి చెయ్యి ఈయనకిచ్చింది.

వీధి చివర మరో చెవి మిషన్ల షాపు ఉంది. గాజు తలుపు మీద ఎర్రటి అంకెలతో ధరలు రాసి అంటించారు. దాన్ని దాటుతుంటే ఆయన మెడ దానంతట అదే అటు తిరగబోయింది. పళ్ళు బిగించి, కళ్ళు తన చెప్పుల మీద పెట్టుకుని నడిచాడు.

"చూడకండన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు మెల్లగా.

"చూడటం లేదు" అన్నాడు ఆయన. రెండడుగులు వేసి, "నువ్వు చూశావా?" అన్నాడు.

"చూశాను."

"మన మిషనుందా?"

"ఉంది."

"ఎంత?"

"చెప్పను."

ఆయన ఒళ్ళు భగ్గుమంది. వాడు చూశాడు, తను చూడలేదు. వాడికి తెలుసు, తనకి తెలీదు. "చెప్పవోయ్, తక్కువా ఎక్కువా, అదొక్కటి చెప్పు."

"చెప్పనన్నయ్యా."

"ఏమిటి చెప్పవు?" అంది మధ్యలోంచి అత్తగారు.

"ఏం లేదత్తయ్యా!" అన్నారిద్దరూ ఒకేసారి, పాత అలవాటుగా గట్టిగా.

"అలా అరవకండి, నాకు చెవులున్నాయి" అంది ఆవిడ, ఇద్దరి చేతులూ ముందుకు లాగుతూ.